పానము మానినవాని వేసవి

మద్యపానమును మాన్పుటకై లోకమున జరిగిన ప్రయత్నముల చరిత్రము చదువువారికి ఒక లోపము స్పష్టముగ కానవచ్చును. త్రాగవలదని బోధించిన ఉపన్యాసములకును గ్రంథములకును లెక్కలేదు. త్రాగుడు మానినవాడు మఱునాటి సాయంకాలమున ఏమి చేయవలయునో చెప్పినవి మాత్రము మిక్కిలి కొలది. త్రాగుడు చెడ్డదని త్రాగుబోతునకు వేఱొకరు చెప్పనక్కఱలేదు. వాని కాయమును, కాసును, కాపురమును ఆ సంగతిని ప్రతిదినమును వానికి చెప్పుచునేయున్నవి. వాడు ఎఱుగనిది మఱొకటి. పండుగనాడు, పంట కోసిననాడు, ఎండ చల్లబడినవేళ నలుగురు చెలికాండ్రు చేరినచోట, చేత గిన్నె లేకుండ తాను సంతోషముగ నుండుట యెట్లు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకనివాడు ఎన్ని ప్రమాణములు చేసినను నిలుచుట కష్టము.

అన్ని ఋతువులలోను వేసవియే దీనికి పరీక్షాకాలము. వేసవిలో పొద్దు పెద్దది, దప్పిక పెద్దది, తీఱిక పెద్దది. మన దేశమున పెండ్లిండ్లును, జాతరలును, తాటికల్లును ఒక్కమాఱుగ వచ్చు కాలమిది. ఇంగ్లాండు దేశమున గడ్డికోతలును గుఱ్ఱపు పందెములును ఈ కాలముననే. అమెరికావారి స్వాతంత్ర్యదినము జులై 4వ తేదీ. ఏ దేశమునం జూచినను, చలికాలమంతయు మాట నిలుపుకొన్నవాడు వేసవిలో జాఱిపడుట కవకాశములు మెండు. కావున పానవిరతుల చరిత్రమును కొన్ని వేసవుల చరిత్రముగ చదివి చూతము. చట్టములను బట్టియు మహాసభలను బట్టియు చదివినప్పుడు కానరాని సంగతు లిందు కొన్ని కానవచ్చును.

మొదట తొలగింపవలసినది ఒక భ్రమ. ఎండలో కష్టపడువానికి మద్యము బలమిచ్చుననియు, దప్పిక తీర్చుననియు తరతరముల నమ్మకము. పదునెనిమిదవ శతాబ్దమున అమెరికాయందు కోతకూలీలకు రమ్ము పోయకున్న కోత సాగదని రైతులు నమ్మిరి. ఇంగ్లాండున కోతకాలపు బీరు కూలిలో భాగము. మద్యమును కూలిగ నిచ్చుట అచ్చట చట్టముచే నిషేధింపబడినది 1887లో గాని కాదు. ఈ నమ్మకమును వైద్యశాస్త్రరీతిని ఎదిర్చిన మొదటివారిలో ఫిలడెల్ఫియా నగర వైద్యుడు బెంజమిన్ రష్ ముఖ్యుడు. అతడు 1776వ సంవత్సరపు అమెరికా స్వాతంత్ర్యప్రకటనపై చేవ్రాలు చేసినవారిలో నొకడు. 1784లో అతడు ప్రకటించిన చిన్న గ్రంథమున, కాచిదింపిన సారాయి ఎండకు విరుగుడు కాదనియు, శ్రమకు సహాయము కాదనియు నిరూపింప యత్నించెను. అంతటితో నూరకుండక, కోతకాలమున దానికి బదులుగ నేమి త్రాగవలయునో కూడ చెప్పెను. బెల్లపుపాకమును పులికాడియు కలిపిన నీరు, మజ్జిగ కలిపిన నీరు, చల్లని మంచినీరు: ఇవి అతడు సూచించిన పానీయములు. మన యింటి పెరటిలో కుండనుండి ముంచి యిచ్చు మజ్జిగతేటను ఫిలడెల్ఫియా వైద్యుడు కోతకూలీలకు మందుగ వ్రాయుట చూడ మనకు ముచ్చట గలుగును.

రష్ చెప్పినదానికి నేటి శాస్త్రము కారణమును కూడ చూపినది. దేహమున నీటిని నిలిపియుంచుమని మూత్రపిండములకు ఆజ్ఞయిచ్చు రసమొకటి మెదడునుండి పుట్టును. మద్యము దాని నణచివేయును. అందుచే త్రాగినదానికంటె ఎక్కువ నీరు వెలికి పోవును. దప్పిక తీఱినట్లుండి పెరుగును. అయినను రష్ బోధయం దొక కొఱత యుండెను. అతడు సారాయిని మాత్రమే దూషించి, బీరును ద్రాక్షరసమును ఆరోగ్యకరములనియే తలచెను. వ్యసనమునకు లోబడినవానికి ఈ సగము తలుపు చాలును. వాడు దానినుండియే తిరిగి లోపలికి పోవును. ఆ సంగతి గ్రహించుటకు మఱి యేబది సంవత్సరములు పట్టినది.

ఇంగ్లాండున 1830లో ఒక చట్టము వచ్చెను. రెండు గినీలు చెల్లించి అనుమతి పొందిన గృహస్థుడెవ్వడైనను బీరు అమ్ముకొనవచ్చుననుట దాని సారము. బీరు దొరకిన ప్రజలు జిన్ను మానుదురని ప్రభువుల తలంపు. మొదటి కొలది మాసములలోనే ఇరువదివేలకు మించిన బీరుకొట్లు లేచినవి, జిన్ను తగ్గలేదు. ఇట్టి సమయమున ప్రెస్టన్ అను నేతపనివారి పట్టణమున జోసెఫ్ లైవ్‌సీ అను జున్నువర్తకుడు, 1832 సెప్టెంబరు 1వ తేదీని, మఱి యార్గురితో కూడి, మత్తు కలిగించు ద్రవము ఏదైనను ముట్టమని ప్రతిజ్ఞాపత్రముపై చేవ్రాలు చేసెను. సగము తలుపు మూయబడినది. మఱుసటి సంవత్సరము వారి సభలో రిచర్డ్ టర్నర్ అను మాజీ త్రాగుబోతు ఉద్రేకముతో పలికిన ‘టీటోటల్’ అను మాట సంపూర్ణవిరతికి పేరుగ నిలిచిపోయినది. ఆ సభలు జరిగిన చోటు ఒకప్పటి కోడిపందెముల గోదా. వినోదశాలను విడిచి పారిపోక, దానినే తమ సభాశాలగ మార్చుకొనుటలో ఆ పనివారి తెలివి కానవచ్చుచున్నది.

1833 జులై మాసమున వారు చేసిన పని మన విషయమునకు మఱింత దగ్గఱ. ప్రెస్టనునందు అది గుఱ్ఱపు పందెముల వారము. ఆ వారమున ఊరంతయు డేరాలు, సారాయి, జూదము. ఏడాది క్రిందట త్రాగుడు మానినవాడు ఆ వీథులలో నడచుట కత్తిమీద సాము. లైవ్‌సీయు అతని మిత్రులును ఆ వారముననే ఒక గుఱ్ఱపుబండిని బాడుగకు దెచ్చి, కరపత్రములు నింపుకొని, చిన్న జెండా యెత్తి, లంకషైరు పట్టణములన్నియు చుట్టివచ్చుటకు బయలుదేరిరి. ఊరూర సభలు చేసిరి, వేసవి గాలి పీల్చిరి, నవ్విరి, పాడిరి. దీనివలన రెండు కార్యములు నెఱవేఱినవి: ఇతర పట్టణములకు బోధ చేరినది, తమలో బలహీనులైనవారికి ఆ యపాయకరమైన వారము ఊరు విడిచి మంచి సహవాసమున గడచినది. ఉపాయముగ తొలగిపోవుటయు ధైర్యములో నొక భాగమే.

ఇంచుమించుగ ఈ కాలముననే, 1840 ఏప్రిలు మాసమున, అమెరికాలోని బాల్టిమోరు నగరమున ఆఱుగురు త్రాగుబోతులు ఒక పానశాలయందు గూర్చుండియే సంఘమొకటి స్థాపించిరి. వారిలో నొకడు కుట్టుపనివాడు, ఒకడు వడ్రంగి, ఒకడు కమ్మరి. తక్కినవారును అట్టి చేతిపనివారే. తమ దేశపు ప్రథమాధ్యక్షుని పేరు పెట్టి దానిని వాషింగ్టన్ సంఘమనిరి. వారి సభలో మతాచార్యుల ఉపన్యాసము లేదు. ఒక్కొకడు లేచి తానెట్లు చెడెనో, ఎట్లు బాగుపడెనో తన మాటలలో తాను చెప్పవలయును, అంతియే నియమము. ఆ వేసవిలో, జూన్ మాసమున, జాన్ హాకిన్స్ అను టోపీలు చేయువాడు ఇందు చేరెను. అతని తొలిపని నేర్పిన చోటనే మద్యము దినబత్తెముగ నిచ్చుచుండిరట. ఒకనాటి యుదయమున అతని చిన్న కూతురు హానా, ఈ దినము నన్ను సారాయికి పంపవలదని తండ్రిని వేడుకొనెను. ఆ మాట అతని గుండెకు తగిలినది. నాటినుండి 1858లో తాను మరణించువఱకు అతడు దేశమంతయు తిరిగి తనవంటివారిని తరింపజేయుటయే వ్రతముగ గైకొనెను.

ఆ సంఘమువారును, ఇతర విరతిసంఘములవారును ఆ కాలమున జులై 4వ తేదీని తమ వశము చేసికొనుటకు చేసిన యత్నము గమనింపదగినది. స్వాతంత్ర్యదినమనగా పీపాలకొలది మద్యము పొంగిపొరలు దినమని ప్రసిద్ధి. ఆ దినమున ఇంటనే కూర్చుండుమని తమవారికి వారు చెప్పలేదు. తామే ఊరేగింపులు నడపిరి, బాజాలు పెట్టించిరి, తోటలలో వనభోజనములు చేసిరి, జయశబ్దములు పలుకునపుడు మంచినీటి గిన్నెలెత్తిరి. బాలబాలికలు ‘చల్లని నీటి సైన్యము’ అను పేర జెండాలు బట్టి ముందు నడచిరి. 1841నుండి ఏర్పడిన మార్తా వాషింగ్టన్ స్త్రీసంఘములు మఱొక సూక్ష్మమును గ్రహించినవి. చిరిగిన యంగరఖాతో నున్నవాడు ఉత్సవమునకు రాజాలడు. వానికి తగిన చోటు పానశాలయొక్కటియే. అందుచే ఆ స్త్రీలు పాతబట్టలు సేకరించి, కుట్టి, బాగుచేసి, మానినవారికిని వారి భార్యాబిడ్డలకును తొడిగిరి. పానవిరతి చరిత్రమున సూదియు దారమును చేసిన యీ సేవను మఱవరాదు.

1842 ఫిబ్రవరి 22వ తేదీని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణపు వాషింగ్టన్ సంఘమువారి యెదుట ముప్పదిమూడేండ్ల న్యాయవాది యొకడు ఉపన్యసించెను. అతడు అబ్రహాం లింకను. త్రాగువానిని నిందించినంతకాలము సంస్కర్తలు ఓడిపోయిరనియు, మిత్రుడై చేరిన పిమ్మట గెలుచుచున్నారనియు అతడు వివరించెను. ఎన్నడును ఆ గోతిలో పడనివారు తమ మనోబలమును పొగడుకొననక్కఱలేదనియు, అనేకుల విషయమున అది ఆ కోరిక లేకపోవుటయే గాని గొప్పతనము కాదనియు అతని భావము. ఆనాటి గౌరవనీయులలో కొందఱికి ఈ మాట రుచింపలేదు. నేడును రుచింపనివారు కలరు.

అయినను వాషింగ్టన్ సంఘములు పదియేండ్లు నిండకమునుపే చాలవఱకు చెదరిపోయినవి. నిషేధశాసనము కావలయునా, మతబోధ కావలయునా అను వాదములు లోపల పుట్టినవి. ఉత్సాహమున ప్రమాణము చేసిన వేలకొలదిజనులను ఆ తర్వాత దినదినము కనిపెట్టియుండు ఏర్పాటు లేకపోయినది. ఎందఱో తిరిగి జాఱిరి. ఉత్సవ మొకనాటిది, వ్యసనము ప్రతిదినముది. ఈ పాఠమును తొంబదియైదు సంవత్సరముల పిమ్మట వేఱొక పట్టణము నేర్చుకొనెను. దానిని ముందు చెప్పెదను.

మరల ఇంగ్లాండునకు వత్తము. 1841 జూన్ మాసమున థామస్ కుక్ అను ముప్పదిరెండేండ్ల వాడు మార్కెట్ హార్‌బరో నుండి లెస్టరు పట్టణమున జరుగు విరతిసభకు కాలినడకను పోవుచుండెను. దూరము సుమారు పదునైదు మైళ్లు. అతడు పేదవాడు, కొయ్యపనిచే జీవించువాడు, మతప్రచారకుడుగ కొంతకాలము పల్లెలు తిరిగినవాడు, 1833వ సంవత్సరాదినాడు మద్యము విడుతునని ప్రతిజ్ఞ చేసినవాడు. లెస్టరునుండి లాఫ్‌బరోకు రైలుదారి వచ్చి పదునాలుగు మాసములైనను కాలేదు. ఈ క్రొత్త యంత్రమును మన విరతికార్యమున కేల వినియోగింపరాదు అను తలంపు దారిలో అతనికి తట్టెను. సభలో ఆ మాట చెప్పెను, సభ్యులు సంతోషించిరి, రైలుసంఘమువారు ప్రత్యేకపుబండి నిచ్చుటకు ఒప్పుకొనిరి.

జులై 5వ తేదీ సోమవారము. ఆ దేశపు చేతిపనివారికి శనివారము కూలి ముట్టును. ఆదివారము త్రాగి, సోమవారము కూడ పని యెగగొట్టి త్రాగుట వారిలో చిరకాలపు ఆచారము. ఎగతాళిగ దానిని ‘సోమవారపు సాధువు పండుగ’ యనువారు. అట్టి సోమవారమున సుమారు ఐదువందలమంది లెస్టరునందు రైలెక్కిరి. రానుపోను ఒక్కొకరికి ఒక షిల్లింగు. పలువురు ఎక్కినవి కప్పులేని పెట్టెలు. పైన ఎండ, ముఖమున పొగ. వంతెనలమీదను దారిప్రక్కలను జనులు నిలిచి కేకలు వేసిరి. పండ్రెండు మైళ్ల దూరముననున్న లాఫ్‌బరో పట్టణమున దిగి, బాజాలతో ఊరేగి, ఒక గృహస్థుని తోటలో చేరిరి. అచ్చట రొట్టెయు తేనీరును, క్రికెట్టు మొదలగు ఆటలు, పాటలు, ఉపన్యాసములు. రాత్రి క్షేమముగ ఇండ్లకు చేరిరి.

ఇంతియే కథ. కాని దీనిలో మూడు సంగతులు కలవు. మొదటిది దూరము: ప్రతిదినము కాళ్లు తమంతట తామే తీసికొనిపోవు పానశాలకు పండ్రెండు మైళ్ల దూరమున మనుష్యుడు దినమంతయు గడపినాడు. రెండవది తోడు: పానశాలకు మగవా డొంటిగ పోవును, ఈ రైలులో భార్యలును బిడ్డలును ఉండిరి. మూడవది వెల: షిల్లింగునకు దొరకు సంతోషము పేదవాని కందుబాటులో నుండెను. సంపన్నులకు వేసవి విహారములు పూర్వమునుండియు కలవు. పేదవానికి విహారస్థలము వీథిచివరి పానశాలయే. వానినుండి దానిని లాగివైచి బదులేమియు నీయని సంస్కర్త, లాగినవాడే గాని ఇచ్చినవాడు కాడు. కుక్ ఇచ్చెను.

తరువాతి మూడు వేసవులలోను అతడు విరతిసంఘములకొఱకును, ఆదివారపు పాఠశాలలకొఱకును ఇట్టి ప్రయాణములే నడపెను. 1843లో లెస్టరు గుఱ్ఱపు పందెముల దినములలో వేలకొలది బాలబాలికలను డెర్బీ పట్టణమునకు కొనిపోయెను. ప్రెస్టను గుఱ్ఱపుబండి ఉపాయమే ఇచ్చట రైలుబండి యైనది. 1845నుండి లాభమునకై యాత్రలు నడపి, అతడు స్థాపించిన వ్యాపారము లోకప్రసిద్ధమై, నూటడెబ్బది సంవత్సరములకు మించి సాగి, 2019 సెప్టెంబరులో మూతపడినది. విహారయాత్ర యను నేటి మహావ్యాపారమునకు ఒక మూలము పానవిరతి సభలోనున్నదని ఎఱిగినవారు తక్కువ.

1851వ సంవత్సరపు వేసవి మఱొక నిదర్శనము. లండనునందు గాజుభవనమున మే 1వ తేదీ మొదలు అక్టోబరు 15వ తేదీవఱకు సర్వదేశవస్తుప్రదర్శనము జరిగెను. అఱువదిలక్షలకు మించిన జనులు చూచిరి. కుక్ ఒక్కడే లక్షన్నర జనులను అచ్చటికి చేర్చెను. ఇందఱు పనివారు రాజధానిలో గుమిగూడిన అల్లరులు జరుగునని గొప్పవారు భయపడిరి, అట్టిదేమియు జరుగలేదు. ప్రదర్శనశాలలో మద్యము అమ్మరాదని నియమముండెను. ఆ వేసవిలో అచ్చట పదిలక్షలకు మించిన సీసాల సోడానీరు, నిమ్మకాయరసము, అల్లపు పానీయము మొదలగునవి ఖర్చుపడినవి. మద్యము లేనిదే జనసమ్మర్దమునకు ఉల్లాసములేదను వాదమునకు అంతకంటె పెద్ద ప్రత్యుత్తరము వేఱొకటి కావలయునా?

అయితే దప్పికగొన్నవానికి మంచినీరు ఎచ్చట దొరకును? ఆకాలపు పట్టణములలో నీరే విషము. 1854లో లండను బ్రాడ్ వీథియందు కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు ఆ వీథిలోని బోరింగు నీటియందే రోగమూలమున్నదని చూపెను. ఆ ప్రక్కనే యున్న బీరుకర్మాగారపు పనివారు డెబ్బదిమందికి పైగ ఉండియు, ఒక్కడైనను కలరాచే చావలేదు. వారు ఆ నీరు త్రాగక బీరే త్రాగుచుండిరి. స్నో తాను యౌవనమునుండి పానవిరతి పక్షమువాడయ్యును ఈ సంగతిని దాచక వ్రాసెను. సత్యము చెప్పుటయందు అతని నిష్ఠ అట్టిది. మంచినీరు చూపకుండ మద్యము మానుమనుట పేదవానికి చేసిన ద్రోహమని దీనివలన తేలినది. 1859 ఏప్రిలు 21వ తేదీని శామ్యూల్ గర్నీ మొదలగువారు లండనునందు స్నోహిల్‌కడ శుద్ధజలపు ధర్మకుళాయి నొకదానిని తెఱచిరి. దినమునకు వేలకొలదిజనులు దానియొద్ద దప్పిక తీర్చుకొనిరి. తరువాత లేచిన కుళాయిలలో అనేకములను పానశాలల యెదుటనే నిలిపిరి. మనవారు చైత్రమాసమున బాటప్రక్క పందిరి వేసి, క్రొత్తకుండలలో నీరు పోసి, వచ్చినవారికెల్ల ఇచ్చు చలివేంద్రము ఇట్టిదేగదా! మనకది పుణ్యకార్యము, దానిలో పానవిరతి కూడ ఇమిడియున్నదని మనము తలచియుండము.

ఇంతవఱకు చెప్పిన వినోదములు సర్వజనులకును మేలే. కాని దీర్ఘవ్యసనమున చిక్కినవాడు వేఱు. వానికి వనభోజనమొక్కటి చాలదు. ఆ మిగిలిన భాగమును 1935వ సంవత్సరపు వేసవి నేర్పెను.

అమెరికాయందు దేశవ్యాప్తమైన మద్యనిషేధము 1933 డిసెంబరులో రద్దయినది. ఎటుచూచినను పానశాలలు బాహాటముగ తెఱవబడియున్నవి. బిల్ విల్సన్ అను న్యూయార్కు వాటాలవ్యాపారి త్రాగుడు మాని ఐదు మాసములైనది. అతడు 1935 మే నెలలో ఆక్రన్ పట్టణమునకు వ్యాపారముపై వచ్చి, కార్యము చెడి, ఒంటివాడై, శనివారము సాయంకాలమున హోటలు ముందరిసాలలో నిలిచియుండెను. ఒకవైపు పానశాలనుండి నవ్వులు వినవచ్చుచుండెను. మఱొకవైపు టెలిఫోను ఉండెను. తనవంటి మఱొక రోగితో మాటాడినగాని తాను నిలువజాలనని యెఱిగి, అతడు టెలిఫోను వైపు నడచెను. మతాచార్యుల పేర్లు వెదకి, ఒకరినుండి మఱొకరిని తెలిసికొని, మఱునాడు డాక్టర్ బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని గలిసికొనెను. స్మిత్ గారును దుర్వ్యసనపీడితుడే. పావుగంట మాటాడి పోదునని వచ్చినవాడు గంటలకొలది కూర్చుండెను.

ఆ వేసవియంతయు విల్సన్ స్మిత్ గారి యింటనే బస చేసెను. మార్గము సుగమము కాలేదు. జూన్ ఆరంభమున స్మిత్ గారు సముద్రతీరమున జరిగిన వైద్యమహాసభకు పోయి, మరల త్రాగి, స్మృతిదప్పి తిరిగివచ్చెను. మిత్రుడు అతనిని వెడలగొట్టలేదు, ధర్మోపన్యాసము చేయలేదు, ప్రక్కన కూర్చుండి సేవ చేసెను. జూన్ 10వ తేదీ స్మిత్ గారి కడపటి పానమని ఆ సంఘమువారు లెక్కింతురు. తమ సంఘము పుట్టినది ఆ దినమనియే వారి భావము. పిమ్మట వారిరువురును ఆసుపత్రియందున్న మఱొక రోగిని వెదకి పట్టుకొనిరి. అతడొక న్యాయవాది. అతడు జులై 4వ తేదీని, దేశమంతయు త్రాగి ఉత్సవముచేయు దినముననే, స్వస్థుడై ఆసుపత్రినుండి వెలికి వచ్చెను, మరల త్రాగలేదు. ఆ స్వాతంత్ర్యదినము అతనికి రెండువిధముల సార్థకము.

‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అను ఈ కూటమి 1939లో ప్రకటించిన గ్రంథమున మన ప్రశ్నకు సూటియైన ప్రత్యుత్తరము కలదు. మద్యమున్నచోటనుండి ఎల్లకాలము పారిపోవనక్కఱలేదు. కాని పోవుటకు ముందు, అచ్చటికి పోవుటకు నాకు తగిన కారణమున్నదా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలయునని దాని సారాంశము. పెండ్లియా, బంధుదర్శనమా, ఇతరులకు సంతోషము కలిగించుటయా? పోవచ్చును. పాతరుచిని దూరమునుండి ఆఘ్రాణించుటయా? పోరాదు. వాషింగ్టన్ సంఘములు మఱచిన దినదినపు కాపలాను ఈ కూటమి ప్రధానము చేసికొనినది. నేడు మన దేశమునందును దీని కూటములు కలవు. అనుభవజ్ఞులు చెప్పు సూత్రములును సులభములే: ఆకలి, కోపము, ఒంటరితనము, అలసట అను నాల్గింటినుండి జాగ్రత్తపడుము, వేడుకకు తోడు లేక పోకుము, చేత నిమ్మరసమో మజ్జిగయో ముందే పట్టుకొనుము, లేచిపోవు వేళను ముందే నిర్ణయించుకొనుము. చిరకాలము విశేషముగ త్రాగినవాడు ఒక్కమాఱుగ మానిన వణకు, మూర్ఛ, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయము కూడ రావచ్చును గనుక, మొదటి దినములు వైద్యుని చేతిక్రింద గడపవలయుననుట కూడ మఱవరాదు.

మన ప్రాంతమున జరిగినదానిని సంగ్రహముగ చెప్పెదను. చెన్నరాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదీని సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభించి, 1938 అక్టోబరులో చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. పోయిన రాబడికి బదులుగ 1939లో అమ్మకపుపన్ను పుట్టెను. నిషేధముతోపాటు సాయంకాలములలో ఆటలు, భజనలు, నాటకములు ఏర్పాటు చేయవలయునని ఆనాటి ప్రభుత్వము గుర్తించుట మెచ్చదగిన సంగతి. యుద్ధకాలమున నిషేధము నిలిచిపోయి, 1946 పిమ్మట మరల వచ్చి, 1948 నాటికి రాజధానియంతట వ్యాపించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్లపై లేచిరి. 1993లో సారాయి, 1995లో సమస్తమద్యము నిషేధింపబడినవి. 1997లో ఆ నిషేధము సడలినది. చట్టములు వచ్చుచు పోవుచున్నవి. పానము మానిన మనుష్యుడు మాత్రము చట్టమున్నను లేకున్నను ప్రతి వేసవిని తానే దాటవలసియున్నాడు. ఆ దాటుటలో వానికి చేయూత నీయవలసినది చట్టము కాదు, ఇల్లును ఇరుగుపొరుగును.

ఇచ్చట చదువరులైన గృహస్థులకును గృహిణులకును ఒక్క మనవి. మన యింటి పెండ్లికి అట్టివాడు వచ్చినప్పుడు, ‘ఒక్క గుక్కకేమి?’ అని బలవంతపెట్టు బంధువు వానికి శత్రువు. ‘ఇంకను మానియే యున్నావా?’ అని నలుగురిలో నవ్వుచు నడుగువాడును అంతకు తక్కువ శత్రువు కాడు. వానికొక పని అప్పగింపుడు. పందిరి చూడుమనుడు, పిల్లలను ఏటికి తీసికొనిపొమ్మనుడు, వడ్డనకు నిలువుమనుడు. పని యున్నవానికి చోటున్నది. చోటున్నవాడు పానశాలను వెదకడు. ఒకవేళ జాఱిపడెనా, ఆక్రన్ పట్టణపు మిత్రునివలె ప్రక్కన కూర్చుండుడు.

మనకు వినోదసామగ్రి లేదా? మన వేసవి మొదలగుటయే శ్రీరామనవమి పానకముతోను వడపప్పుతోను. బెల్లము, మిరియాలు, ఏలకులు చేర్చిన ఆ చల్లని నీరు ఊరంతటికి పంచిపెట్టు పండుగ మద్యము లేని మహోత్సవము కాదా? పందిళ్లలో హరికథలున్నవి, మామిడితోటలున్నవి, వెన్నెలరాత్రులున్నవి. తాటిచెట్టునే చూడుడు. దాని లేత ముంజ పసిబిడ్డకు పెట్టదగినది. దాని గెలనుండి కాఱు రసమును సున్నము పూసిన కుండలో పట్టిన తియ్యని నీరా యగును, బెల్లమగును. పూయని కుండలో పట్టిన గడియలలో పులిసి కల్లగును. చెట్టొకటే, ఎండ యొకటే, రసమొకటే. కుండను ముందుగ సిద్ధపఱచితిమా లేదా యనుటలోనే భేదమున్నది. పానము మానినవాని వేసవియు అట్టిదే. దానిని సిద్ధపఱచుటయందు వాని చేతితోపాటు మన చేయియు నుండవలయును.